మూడో మేకు

ఆటల టీచరు వడ్రంగి గదిలో అడుగు పెట్టడం ఆ బడిలో అరుదు. ఏదైనా కావలసివస్తే ఆమె చీటీ పంపేది; చీటీలోని పని మరునాటికి పూర్తయ్యేది; ఇద్దరి మధ్య సంబంధం అంతటితో సరి. కనుక ఆ సోమవారం ఉదయం, మొదటి గంట కొట్టకముందే ఆమె మెడలో ఈలతో గుమ్మంలో నిలబడేసరికి, బల్ల కోడుకు చిత్రిక పడుతున్న వడ్రంగి పని ఆపి, పొట్టును అరచేత్తో పక్కకు నెట్టాడు. కూర్చోమనడానికి గదిలో మూడు కాళ్ళ కుర్చీ ఒక్కటే ఉంది. నాలుగో కాలు కోసమే అది అక్కడికి వచ్చింది.

"కూర్చోను లెండి మేస్త్రీ గారూ, పడితే మీకే పని," అందామె. "స్కోరు బోర్డుకి ఇంకో మేకు కావాలి."

"ఊడిందాండీ?"

"ఊడలేదు. రెండే ఉన్నాయి. మూడోది కొట్టాలి."

ఆటల హాలు గోడకున్న ఆ బోర్డు పద్దెనిమిదేళ్ళ కిందట అతను చేసినదే. ఎడమ సగం మీద 'మనం' అనీ, కుడి సగం మీద 'అతిథులు' అనీ రాసి ఉంటుంది. ఒక్కొక్క వైపు రెండేసి మేకులు. కింద ఒక్కొక్క వైపు ఒక్కొక్క పెట్టె. పెట్టెల్లో సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెల చెక్క పలకలు, రెండేసి. బాస్కెట్‌బాల్ ఆట జరిగినప్పుడల్లా వడ్రంగి ముక్కాలిపీట ఎక్కి పాత పలక తీసి కొత్తది తగిలిస్తాడు. పద్దెనిమిదేళ్ళలో ఏ జట్టూ డెబ్భైమూడు దాటలేదు. రెండు మేకులకు మించి ఎవరికీ అవసరం పడలేదు.

"వంద వేస్తారా?" అన్నాడు.

"గురువారం వచ్చే జట్టు సంగతి మీకు తెలీదు. ఉన్నదే ఆరుగురు పిల్లలు. ఆడుకోడానికి వాళ్ళ బడికి సిమెంటు నేల కూడా లేదు. మట్టిలో ఆడతారు. ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు."

వడ్రంగి చిత్రిక అంచును బొటనవేలితో తడిమాడు. "వంద వేస్తే ఏమొస్తుంది మేడం?"

"పేరొస్తుంది. ఈ చుట్టుపక్కల ఏ బడీ ఇంతవరకు వెయ్యలేదు." ఆమె ఒక క్షణం ఆగి గొంతు తగ్గించింది. "క్రీడా పాఠశాల నుంచి పెద్దమనిషి వస్తున్నాడు ఆ రోజు. మీ అమ్మాయి ఒక్కతే నలభై పాయింట్లు వేసిందనుకోండి, సీటు ఇచ్చినట్టే. నేను మాట్లాడాను."

ఆ మాటతో వడ్రంగికి అడగవలసినవేవీ మిగలలేదు. అతని కూతురికి పదహారేళ్ళు. ఎత్తు చూసి బడి అంతా 'నిచ్చెన' అని పిలుస్తుంది. వడ్రంగి ఇంట్లో నిచ్చెన కాక మరేం పుడుతుందని ఒక పాత హాస్యం. ఆ సీటు కోసం ఆ పిల్ల రెండేళ్ళుగా తెల్లవారకముందే లేచి పరిగెత్తుతోంది.

"పలక ఒక్కటి చాలు, కొత్తది, ఒకటి అంకెది. పాతవి ఫొటోలో వెలిసిపోయినట్టుంటాయి. మనవైపుకే," అంది టీచరు వెళ్ళబోతూ.

"మరి వాళ్ళవైపుకి?"

ఆమెకు నవ్వాగలేదు. "వాళ్ళకెందుకండీ మేస్త్రీ గారూ! వాళ్ళు పది దాటితే ఈ ఈల మింగేస్తాను."

పాత డెస్కు మూత ఒకటి మూలన పడి ఉంది. మంగళవారం మధ్యాహ్నం వడ్రంగి దాన్ని రంపంతో కోసి, నాలుగు అంచులూ చిత్రిక పట్టి, ఎవరో పిల్ల ఏనాడో ముల్లుతో గీసుకున్న పువ్వు చెరిగేదాకా ఉప్పుకాగితంతో రుద్దాడు. తెల్లరంగు రెండు పూతలు వేశాడు. మొదటి పూత ఆరేదాకా రెండోది వెయ్యలేదు. ఎర్రరంగుతో అంకె దిద్దేటప్పుడు ఊపిరి బిగబట్టాడు. తన చేతిలో ఒకటి అంకె ఎప్పుడూ కాస్త కుడికి వాలుతుందని అతనికి తెలుసు, ఈసారి వాలలేదు. పాత పలకల పక్కన పెడితే ఇది పెళ్ళివారి మధ్య పెళ్ళికొడుకులా ఉంది. అది చూసి అతనికి గర్వం కలిగిన మాట వాస్తవం.

కూతురు బడి వదిలాక వచ్చింది. రంగు ఆరిందో లేదో వేలితో తాకబోయి, తండ్రి కసిరితే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎంత బాగుంది నాన్నా! నిజంగా తగిలిస్తావా?"

"మీరు వేస్తే తగిలిస్తాను."

"వేస్తాం. చివరి రెండు పాయింట్లూ నేనే వేస్తాను చూడు."

బుధవారం సాయంత్రం హాలు ఖాళీ అయ్యాక అతను బోర్డు ముందు పీట వేసుకున్నాడు. 'మనం' వైపు, పదుల మేకుకు ఎడమగా జానెడు కొలిచి, పెన్సిలుతో చుక్క పెట్టి, మేకు దిగ్గొట్టాడు. దిగి, నాలుగడుగులు వెనక్కి నడిచి చూశాడు. బోర్డు ఒక చెవికే పోగు పెట్టుకున్న మనిషిలా ఉంది. పద్దెనిమిదేళ్ళుగా అతని చేతిలోంచి వంకర పని బయటికి పోలేదు. జేబులో మరో మేకు ఉంది. పీటను కుడివైపుకు జరిపి, అంతే కొలతతో, 'అతిథులు' వైపు కూడా మూడో మేకు కొట్టాడు. అప్పుడు బోర్డు బాగుంది. అంతకు మించి ఆ మేకు గురించి అతను ఏమీ ఆలోచించలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో అతని భార్య కూతురి ఆటల చొక్కాకు ఊడిన అంకె కుడుతోంది. తండ్రీకూతుళ్ళు పలక సంగతీ మేకు సంగతీ చెప్పుకుంటుంటే విని, దారాన్ని పంటితో తెంపింది.

"మట్టిలో ఆడుకునే ఆరుగురు పిల్లల్ని పిలిచి కొట్టడానికి ప్రత్యేకంగా మేకు కూడానా?"

"కొట్టడం కాదమ్మా, ఆట," అంది కూతురు. "తక్కువ ఆడితే వాళ్ళని అవమానించినట్టంట. పూర్తిగా ఆడటమే మర్యాదంట. మేడం చెప్పింది. ఆవిడ ఆడే రోజుల్లో ఆవిణ్ణి ఎవరూ వదిలిపెట్టలేదంట."

"ఆడండి, ఎవరొద్దన్నారు? వందేం ఖర్మ, రెండొందలు రానీ. కానీ ముందుగా మేకు కొట్టుకుని మరీ ఆడ్డం ఏంటే?"

"నలభై వేస్తే సీటు," అన్నాడు వడ్రంగి.

భార్య చొక్కా మడతపెట్టి కూతురి ఒళ్ళో వేసింది. ఆ తర్వాత ముగ్గురూ వేరే సంగతులు మాట్లాడుకున్నారు.

గురువారం మూడు గంటలకు వచ్చిన జట్టులో నిజంగానే ఆరుగురే ఉన్నారు. చొక్కాలు ఎవరివో, వీపు మీద అంకెలు అంటింపు పట్టీతో అతికించినవి. వాళ్ళకు ఆటల టీచరు లేదు. వెంట వచ్చినది బళ్ళో పుస్తకాల గది చూసుకునే ఆవిడ. రెండు చేతుల్లో రెండు నీళ్ళ డబ్బాలు మోసుకొచ్చింది. అందరికంటే పొట్టి పిల్ల కళ్ళద్దాలను తల వెనక నాడాతో కట్టుకుంది. సున్నా పలకలు తగిలిస్తున్న వడ్రంగి పక్కకు వచ్చి తలెత్తి చూసింది.

"తాతగారూ, మూడో మేకు దేనికి?"

వడ్రంగికి తాత అయ్యే వయసు రాలేదు. జుట్టులో రంపపు పొట్టు ఉండిపోయి ఉంటుందని తడుముకున్నాడు. "వంద దాటితే... ఉండాలి కదా, అందుకని."

ఆ పిల్ల ఎడమవైపు చూసింది, కుడివైపు చూసింది. ముఖం విప్పారింది. "ఒసేయ్! ఇటు చూడండే. మనకీ కొట్టారు వంద మేకు!"

ఆరుగురూ పగలబడి నవ్వారు. "వందంట! పది వేస్తే చాలు తల్లీ, మోసుకుపోతాం నిన్ను," అంది వాళ్ళలో ఒకతె. వడ్రంగి పెట్టెలోకి వంగి, వరసగా ఉన్న పలకలనే మళ్ళీ వరసగా పేర్చాడు.

ఆట మొదలైన ఐదు నిమిషాలకే అతనికి పీట దిగే తీరిక లేకపోయింది. తన వైపు పిల్లలు బంతి కోసం వెనక్కి వచ్చి ఎదురుచూడటం లేదు. అతిథులు గీత బయటి నుంచి బంతి లోపలికి విసరవలసిన చోటే చేతులు చాచి అడ్డం నిలుస్తున్నారు. విసిరేది కళ్ళద్దాల పిల్ల. దాని ముందు నిలిచేది నిచ్చెన. ఆ చేతుల పైనుంచి దానికి అవతలి ప్రపంచం కనిపించదు. అది విసురుతుంది; నిచ్చెన అందుకుంటుంది; రెండడుగుల్లో బుట్టలో వేస్తుంది. మళ్ళీ ఆ పిల్లే బంతి తీసుకుని గీత బయటికి నడుస్తుంది. సగం నేల దాటి అవతలి బుట్టను దగ్గరగా చూసే యోగం ఆ జట్టుకు మొదటి సగంలో రెండుసార్లే పట్టింది. పలకలు మార్చడం వడ్రంగికి తలుపు గడియ వేసి తీసినట్టు అలవాటైన పని. ఆ వేళ మాత్రం ఎడమచెయ్యి నొప్పి పుట్టింది. కుడి పెట్టె ముట్టుకునే పని దాదాపు లేదు.

విరామానికి యాభైఅయిదు, నాలుగు.

పుస్తకాల గది ఆవిడ నేలను దాటి వచ్చి బోర్డు దగ్గరే ఆటల టీచరుతో మాట్లాడింది. "మేడం గారూ, ఇహ గెలుపు మీదే. మిగతా సగం గడియారం ఆపకుండా నడిపించి త్వరగా ముగించేద్దామా? ఇద్దరం ఒప్పుకుంటే చెయ్యొచ్చట కదా. మా పిల్లలకి మార్చడానికి మనుషుల్లేరు. ఒకత్తికి కాలు పట్టేసింది."

"ఒప్పుకుంటే చెయ్యొచ్చు," అంది టీచరు మర్యాదగానే. "నేను ఒప్పుకోను. వాళ్ళని చిన్నపిల్లల్లా చూస్తే వాళ్ళకే మంచిది కాదండీ."

"చిన్నపిల్లలే కదండీ," అంది ఆవిడ. టీచరు గడియారం కేసి తిరిగేసరికి నీళ్ళ డబ్బా పుచ్చుకుని వెనక్కి వెళ్ళింది.

మూడో భాగం మధ్యలో నిచ్చెన నలభయ్యో పాయింటు వేసింది. లెక్క రాసే పిల్ల పైకి వినిపించేలా చెప్పింది. వడ్రంగి పీట మీద నిలబడే కళ్ళు మూసి తెరిచాడు. క్రీడా పాఠశాల పెద్దమనిషి కాగితం మీద ఏదో రాసుకుని, సంచీలో పెట్టి, గడియారం చూసుకుని, ఆటల టీచరుకు తల ఊపి వెళ్ళిపోయాడు. అయిపోయింది, అనుకున్నాడు వడ్రంగి. కావలసింది వచ్చేసింది, ఇక నిచ్చెనను పిలిచి కూర్చోబెడుతుంది, బల్ల మీద ఎదురుచూస్తున్న చిన్నపిల్లల్ని పంపుతుంది. టీచరు కేసి చూశాడు. ఆమె మాత్రం బోర్డు కేసి చూస్తోంది. అంకెల కేసి కూడా కాదు, వాటి పక్కన ఖాళీగా ఉన్న మేకు కేసి.

నాలుగో భాగంలో చూసేవాళ్ళు లేచి నిలబడ్డారు. ఎనభైఎనిమిది దాటాక మొదలైన కేక తొంభైనాలుగు దగ్గర హాలంతా పాకింది: "వంద! వంద! వంద!" తొంభైఎనిమిదికి రెండు నిమిషాల పది సెకన్లు మిగిలాయి. అవతలి వైపు ఏడు.

అప్పుడు వడ్రంగి ఆ ఆటలో అంతవరకు చూడనిది చూశాడు. అతిథులు గెలవడానికి ఆడటం ఎప్పుడో మానేశారు. ఇప్పుడు ఒక్కదాని కోసం ఆడటం మొదలుపెట్టారు. కాలు పట్టేసిన పిల్ల కుంటుతూనే తన బుట్ట కింద నిలబడింది. ఒకతె నేల మీద పడి బంతిని కడుపు కింద దాచుకుంది. మూడుసార్లు నిచ్చెన విసిరింది. మూడుసార్లు ఎవరిదో ఒక చెయ్యి తగిలింది. నిమిషం గడిచింది. మరో నిమిషం. వడ్రంగి చొక్కా జేబులో కొత్త పలక బరువు గుండెకు ఆనుతోంది. ఈ పది సెకన్లూ గడిస్తే చాలు, అని అతను కోరుకున్నాడు. తన బడికి వ్యతిరేకంగా ఒక కోరిక పుట్టడం అతనికి అదే మొదటిసారి.

బంతి కళ్ళద్దాల పిల్ల చేతికి వచ్చింది. రెండు చేతులతో పొట్టకు హత్తుకుంది. ఎవరిదో మోచెయ్యి తగిలి నాడా తెగింది. అద్దాలు నేల మీద జారుకుంటూ పోయాయి. ఆ పిల్ల బంతిని ఒక చేత్తో పట్టుకునే వంగి, రెండో చేత్తో ఎటో తడిమింది. అద్దాలు ఇటు ఉన్నాయి. చెయ్యి అటు వెతుకుతోంది. నిచ్చెన ఒక్క లిప్త ఆగింది. ఆగిన మాట వడ్రంగి స్పష్టంగా చూశాడు. తర్వాత వంగి, నిద్రపోతున్న పాప చేతిలోంచి బొమ్మ తీసినట్టు, ఆ పిల్ల చేతిలోంచి బంతి తీసుకుని, రెండడుగులు వేసి, బుట్టలో వేసింది.

హాలు దద్దరిల్లింది. వెంటనే చివరి ఈల మోగింది.

వడ్రంగి తొమ్మిది తీసి సున్నా తగిలించాడు. ఎనిమిది తీసి సున్నా తగిలించాడు. చెయ్యి జేబు దాకా వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

బోర్డు మీద 'మనం' కింద రెండు సున్నాలు. 'అతిథులు' కింద సున్నా, ఏడు.

కేకలు సన్నగిల్లాయి. ఎవరో కిసుక్కుమన్నారు. ఫొటో తీయడానికి వచ్చినతను కెమెరా దించాడు. "మేస్త్రీ గారూ, ఒకటి! ఒకటి పెట్టండి!" అని టీచరు అవతలి చివరి నుంచి అరిచింది.

"కనిపించడం లేదు మేడం," అన్నాడు వడ్రంగి. ఆ బడిలో అతను ఆడిన మొదటి అబద్ధం అది.

"అదేంటండీ! పెట్టెలో చూడండి!"

అతను పెట్టెలోకి వంగి చూస్తున్నట్టు నటించాడు. తల ఎత్తేసరికి పక్కన కళ్ళద్దాల పిల్ల ఉంది. అద్దాలకు ఒక కాడ విరిగింది. చేత్తో పట్టుకుని చూస్తోంది. మోకాలు గీసుకుపోయి ఉంది.

"తాతగారూ, మీ జేబులో ఉంది. అంచు కనబడుతోంది."

"ఉండనీ తల్లీ."

"ఉండనీ ఏంటి? వాళ్ళు వంద వేశారు."

"నేను పెట్టనులే."

"అంటే మేం గెలిచినట్టు పెడతారా?" ఆ పిల్ల బోర్డు కేసి వేలు చూపించింది. "అందరూ నవ్వుతున్నారు. ఇందాక మేం ఓడిపోతుంటే ఎవరూ నవ్వలేదు. ఇవ్వండి, నేను పెడతాను."

వడ్రంగి ఇచ్చాడు. ఆ పిల్ల అద్దాలను తన జట్టులో ఒకతెకు ఇచ్చి, పీట ఎక్కి, మునివేళ్ళ మీద లేచింది. మేకు అందలేదు. మిగతా ఐదుగురూ వచ్చి పీటను పట్టుకున్నారు. ఒకతె ఆ పిల్ల నడుము పట్టి ఎత్తింది. గుడ్డిగా బోర్డును తడిమి, మేకు దొరకబుచ్చుకుని, పలక తగిలించింది. అది కాస్త వంకరగా వేలాడింది. అంచు తడిమి చూసుకుని, వేలితో నిటారుగా సర్దింది. దిగి, అద్దాలు తీసుకుని కళ్ళకు ఆనించి, మూడు అంకెలనూ చదువుకుంది.

"మా వైపు మేకు పీకెయ్యకండి," అంది. ఈసారి నవ్వలేదు. "మళ్ళీ వస్తాం."

తండ్రీ కూతురూ ఇంటికి నడిచి బయలుదేరారు. సగం దారిలో కూతురు అడిగింది.

"ఎందుకు పెట్టలేదు నాన్నా?"

"నువ్వెందుకు లాక్కున్నావు?"

"ఈల మోగలేదు. బంతి ఆటలోనే ఉంది. రూలు ప్రకారం తప్పు లేదు."

"అద్దాలు పడిపోవడం చూళ్ళేదా?"

"చూశాను."

పక్కనుంచి ఒక లారీ పోయింది. దుమ్ము అణిగేదాకా ఇద్దరూ నిలబడ్డారు.

"మేకు నువ్వే కొట్టావుగా నాన్నా," అంది కూతురు. అందులో నిష్ఠూరం లేదు. అర్థం కాక అడిగినట్టే ఉంది. వడ్రంగి చొక్కా మీది దుమ్ము దులుపుకుని నడక సాగించాడు.

సోమవారం ఉదయం ఆటల టీచరు రాలేదు; మునుపటిలాగే చీటీ వచ్చింది. ముందుగానే మేకు కొట్టించారన్న మాట బయటికి పోయిందనీ, పెద్ద టీచరమ్మ చికాకు పడుతోందనీ, ఫొటో ఎటూ వచ్చేసింది గనుక మేకులు తీసి బోర్డు సాపు చేయవలసిందనీ అందులో ఉంది. 'మేకులు' అనే మాట కింద గీత కూడా గీసింది.

వడ్రంగి పీట వేసుకుని, పట్టకారుతో 'మనం' వైపు మూడో మేకు పీకాడు. వంగకుండా వచ్చింది. చిల్లులో పొట్టు, వజ్రం జిగురు కలిపి కూరి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, రంగు పూశాడు. దగ్గరికొచ్చి వెతికినా ఎవరికీ తెలియదు. తనకు తెలుస్తుంది.

పీట కుడివైపుకు జరిపాడు. పట్టకారు మేకుకు పట్టించాడు. పట్టించి, అలాగే నిలబడ్డాడు.

"నాన్నా!" కూతురు హాలు ఆ చివర నుంచి పరిగెత్తుకొచ్చింది, చేతిలో కాగితం రెపరెపలాడుతోంది. "వచ్చేసింది! సీటొచ్చింది! మొదటి పేరు నాదే!"

అతను దిగి, చెయ్యి చొక్కాకు తుడుచుకుని, కాగితం అందుకుని రెండుసార్లు చదివాడు. కూతురి తల నిమరడానికి చెయ్యి పైకెత్తవలసి వచ్చింది. "మంచిదమ్మా," అన్నాడు.

కూతురు ఊపిరి తీసుకుని బోర్డు కేసి చూసింది. "అటువైపుది ఒక్కటీ వదిలేశావేం? వంకరగా లేదూ?"

"వంకరగానే ఉంది. అది మనది కాదు."

ఆమెకు గుర్తొచ్చింది. "మళ్ళీ వస్తామందిగా ఆ పిల్ల. వచ్చే ఏడా?" ఒకసారి ఖాళీ మేకును చూసి, కాగితాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టింది. "అప్పటికి నేనిక్కడ ఉండనుగా."

"ఉండవు," అన్నాడు వడ్రంగి. "నేనుంటాను."

కూతురు తల్లికి చెప్పడానికి వెళ్ళిపోయింది. ఆమె అడుగుల చప్పుడు వినిపించినంతసేపూ అతను కదల్లేదు. తర్వాత ఎడమ పెట్టె తెరిచి, అన్నిటి పైనా తెల్లగా మెరుస్తున్న ఒకటి పలకను తీశాడు. చొక్కా అంచుతో దాని మీది వేలిముద్రలు తుడవబోయి, మానుకున్నాడు. కుడి పెట్టె తెరిచి, సున్నా కింద, రెండు మీద, దాని వరసలో దాన్ని పెట్టి, మూత వేశాడు.